ప్రేమావతి గారి పరుపు

తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో పొద్దున్న తొమ్మిదింటికి మొహిద్దీన్ పరుపుల దుకాణం షట్టరు లేస్తుంది. ఆయన భార్య కరీంబీ వాకిట్లో నీళ్లు చల్లుతుంది. ఎదురు హోటల్ నుంచి రెండు టీలు వస్తాయి. తొమ్మిదిన్నరకి దూది ఏకే మిషను ఆన్ చేస్తారు. ఇక ఆ తర్వాత ఊళ్లో ఎవరింటి రహస్యమూ రహస్యం కాదు.

పాత పరుపు దూదిని ఏకితే, అందులో అణిగిపోయి ఉన్న చప్పుళ్లన్నీ పైకి లేస్తాయి మరి. దూది నీళ్లు పీల్చుకుంటుంది, నూనె పీల్చుకుంటుంది. ఇరవై ఏళ్లు మనిషి ఒంటికింద పడుంటే మాటలు మాత్రం ఎందుకు పీల్చుకోదు? మిషను తిరుగుతుంటే ఒక ముక్క, అరముక్క వినిపిస్తాయి. మొన్న మొన్నే ఓ ప్లీడరుగారి పరుపులోంచి ఎనిమిదో ఎక్కం నాలుగుసార్లు తప్పు చదివిన పిల్లాడి గొంతు వచ్చింది. ఆ పిల్లాడు ఆ ప్లీడరుగారేనని అందరికీ అర్థమైంది గానీ ఎవరూ నవ్వలేదు. దూది మాట గడప దాటకూడదని మొహిద్దీన్ వాళ్ల నాన్న కాలం నుంచీ దుకాణంలో కట్టడి.

ఏకిన దూదిని కాసేపు పాతచీర కప్పి కదలకుండా ఉంచితే నోరు మూసుకుంటుంది. తర్వాత గలీబులో కూరి, కుట్టి ఇచ్చేస్తారు. ఇంటికెళ్లి దాని మీద పడుకుంటే అప్పుడు అసలు చప్పుళ్లు వస్తాయి, ఏ వేళకి పట్టినవి ఆ వేళకి. అలా నాలుగు నెలలో, మహా అయితే ఐదు నెలలో. తర్వాత అవీ సద్దుమణిగిపోతాయి. ఒకసారి పైకొచ్చి పోయిన చప్పుడు మళ్లీ రాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. దూది ఏకేటప్పుడు సొంతదారు ఎదురుగా స్టూలు మీద కూర్చోవాలి. వెనకటికి మంచి దూది తీసి చెత్త దూది కలిపేస్తారేమోనన్న అనుమానంతో మొదలైన అలవాటది. ఇప్పుడు అనుమానాలు లేవు, అలవాటు మాత్రం ఉంది. అందుకే మొహిద్దీన్ దుకాణంలో చీటీ కట్టడం, నంబరు రాయడం లాంటివి ఏమీ ఉండవు. స్టూలు మీద కూర్చున్న మనిషే ఆ కుప్పకి గుర్తు.

జూన్ నెల మొదటి వారంలో ఓ పొద్దున్న ఆ స్టూలు మీద వెంకటాద్రి మాస్టారు వచ్చి కూర్చున్నారు. డెబ్భై అయిదేళ్ల మనిషి, హైస్కూల్లో హిందీ పండితుడుగా రిటైరయ్యారు. తిరువూరులో నలభై దాటినవాళ్లు ఎవరికైనా హిందీ నాలుగు ముక్కలు వచ్చాయంటే ఈయన చలవే. రాలేదంటే అందులోనూ ఈయన పాత్ర ఉంది. ఏ వాక్యం దొరికినా దాన్ని ముక్కలు చేసి ప్రతిపదార్థం చెబితే తప్ప ఆయనకి అన్నం అరగదు.

"ఆరేళ్లయింది మాస్టారూ, అమ్మగారు పోయి. ఇన్నాళ్లూ నేను చెబుతుంటే వద్దు వద్దన్నారు. ఇప్పుడు మనసెలా వచ్చింది?" అన్నాడు మొహిద్దీన్, పరుపు కుట్లు కోస్తూ.

"కుడి చెవి పనిచేస్తోంది. ఎడమది పోయింది. విజయవాడ డాక్టరు ఈ కుడిది కూడా ఈ ఏడు గట్టిగా ఉంటే ఎక్కువన్నాడు," అన్నారు మాస్టారు. "చెవులు పోయాక పరుపు పాడితే ఏం, పాడకపోతే ఏం మొహిద్దీన్?"

దీని వెనక ఒక కథ ఉంది. చెప్పకపోతే ముందుకు సాగదు.

మాస్టారి భార్య ప్రేమావతి గారి నాన్న పాతకాలంలో బెజవాడ సినిమాహాల్లో ఆపరేటరు. టాకీలు వచ్చిన కొత్తలో బొంబాయి నుంచి వచ్చిన హిందీ సినిమాలన్నీ ఆయన చేతి మీదుగానే ఆడాయి. ఇంట్లో ఒక గ్రామఫోను, ఓ చెక్కపెట్టె నిండా రికార్డులు ఉండేవి. వాటిలో ఎక్కువ మిస్ దిల్‌రస్ అనే ఆవిడవి. నటించేదీ ఆవిడే, పాడేదీ ఆవిడే. అప్పట్లో ఒకరు పాడితే ఇంకొకరు నోరాడించడం లేదు కదా. కెమెరా ముందు ఉయ్యాల ఊగుతూ పాడాల్సిందే. పొదల వెనక ఫిడేలు అతనూ, చెట్టుకొమ్మ మీద మైకూ. హార్మణీ వాయించే ఆయన హార్మణీని మెడకి తగిలించుకుని, కెమెరాకి కనపడకుండా వంగి వంగి నడిచేవాడట. అంత పాడినా రికార్డు మీద దిల్‌రస్ పేరు ఉండేది కాదు, ఆ సినిమాలో ఆవిడ వేసిన వేషం పేరు ఉండేది. ప్రేమావతి గారికి ముక్క హిందీ రాదు. కానీ దిల్‌రస్ పాటలు పాతికా ముప్పై నోటికి వచ్చు.

పెళ్లయిన నాలుగో రోజు ఆవిడ బట్టలారేస్తూ మేఘాన్ని పిలిచే పాట ఒకటి ఎత్తుకుంది. కొత్త పెళ్లికొడుకు పేపరు పక్కన పెట్టి, "ఆగు ఆగు," అన్నాడు. "ఇక్కడ నాయిక మేఘాన్ని సంబోధిస్తోంది. ప్రతిపదార్థం చెప్తాను విను." అరగంట చెప్పాడు. చివర్న, "ఊఁ, ఇప్పుడు పాడు," అన్నాడు.

"అర్థం తెలిశాక ఇంకేం పాడతాను లెండి," అని నవ్వి, పప్పు మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది ఆవిడ.

అంతే. నలభై మూడేళ్ల కాపురంలో ఆయన ముందు మళ్లీ నోరు విప్పి పాడలేదు. ఆయనకి ఆ సంగతి తట్టను కూడా లేదు. ఆవిడ పోయాక పదో రోజున ఎదురింటావిడ, పక్కింటావిడ, వెనకింటావిడ వరసగా కూర్చుని ఏడుస్తుంటే తెలిసింది. "ఇక మధ్యాహ్నాలు మాకెవరు పాడతారు పిన్నీ," అంటారు. మాస్టారు తెల్లబోయారు. ఆయన బడిలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక హిందీ పరీక్షల ట్యూషను చెప్పుకున్నన్నాళ్లూ, రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఆవిడ పరుపు మీద నడుం వాల్చి పాడుకునేదట. వీధి వీధంతా విన్నది. వినని మనిషి ఆయనొక్కరే.

ఆ తర్వాత ఆయన దిల్‌రస్ కోసం వెతకని చోటు లేదు. ఫోన్లో వెతికారు. ఎవరెవరికో ఉత్తరాలు రాశారు. ఆ సినిమాల రీళ్లు ఎప్పుడో కాలిపోయాయి, రికార్డుల పెట్టె బావమరిది ఇంట్లో చెదలు తినేసింది. మిగిలిందల్లా పరుపే. దాన్ని ఏకిస్తే నాలుగు నెలల్లో అయిపోతుందని భయం. పిల్లలు చేతిలో మిఠాయి పెట్టుకుని తినకుండా కూర్చుంటారే, అలా ఆరేళ్లు కూర్చున్నారు. ఇప్పుడు చెవి తొందరపెట్టింది.

మొహిద్దీన్ మిషను ఆన్ చేశాడు. మాస్టారు కుడిచెవి ముందుకు పెట్టి కూర్చున్నారు. పక్కన అప్పటికే ఒక కుప్ప చీర కప్పుకుని ఉంది. అది వినగడప ఊరి ఏసురత్నం పరుపుది. ఏసురత్నం ఆర్టీసీ డ్రైవరు, పొద్దున్నే విజయవాడ బస్సు డ్యూటీ ఉందని పరుపు దింపేసి వెళ్లిపోయాడు.

దూది ఎగిరింది. ముందు ఫ్యాను కిర్రుమన్న చప్పుడు. గాజుల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు చిన్నగా దగ్గి, పాట ఎత్తుకోబోయే ముందు సవరించుకున్నట్టు సవరించుకుంది.

మాస్టారు గబుక్కున లేచి నిలబడ్డారు. నలుగురూ తిరిగే సెంటర్లో, టీ గ్లాసుల మధ్య, మిషను రొదలో ఆ పాట వినడం ఆయన వల్ల కాలేదు.

"ఇంటిదగ్గర వింటాను మొహిద్దీన్. నువ్వు కానిచ్చి పంపించు," అని కండువాతో మొహం తుడుచుకుంటూ గబగబా వెళ్లిపోయారు.

ఆ కాసేపట్లోనే దూది ఏకడం అయింది. పన్నెండున్నరకి కరెంటు పోయింది. నమాజు వేళయింది. మొహిద్దీన్ వీధి వైపు తిరిగి చెప్పులు వేసుకుంటూ, "ఎడమ పక్కది మాస్టారిది, కుడి పక్కది ఏసురత్నానిది. కూరి కుట్టెయ్యి," అన్నాడు. కరీంబీ గోడ వైపు తిరిగి సూదికి దారం ఎక్కిస్తోంది. ఆయన ఎడమ ఆవిడకి కుడి. స్టూలు మీద మనిషి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. స్టూలు ఖాళీ. రెండు గలీబులూ ఒకే నీలం చారల గుడ్డ. సాయంత్రానికి రెండు పరుపులూ రెండు ఆటోల్లో ఎక్కి, ఎవరింటికి పోకూడదో వాళ్లింటికే పోయాయి.

మర్నాడు కూతురు ఆఫీసుకి వెళ్లాక, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే మాస్టారు భోంచేసి, తలుపులు వేసి, ఉతికిన పంచె కట్టుకుని పరుపెక్కారు. కుడిచెవి కిందికి ఆనించారు. రెండయింది.

"ప్రభువా, నా బిడ్డని చల్లగా చూడు తండ్రీ," అంది ఒక ముసలి గొంతు.

మాస్టారు కళ్లు తెరిచారు. కోళ్లు అరిచాయి. ఎవరో మామిడికాయలు కోస్తున్నట్టుంది, "ఆ చిటారుకొమ్మది వదిలెయ్యి" అని కేక. కాసేపటికి ఒక మగాడు గుర్రు పెట్టి, గుర్రు మధ్యలో, "ఒరేయ్ లారీ! సైడియ్యరా, నీ అమ్మకడుపు మాడ!" అని గట్టిగా తిట్టాడు.

నాలుగింటికి ఆయన దుకాణానికి వెళ్లేటప్పటికి మొహం పాలిపోయి ఉంది. విన్నది విన్నట్టు చెప్పారు. లారీ దగ్గరికి వచ్చేసరికి మొహిద్దీన్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏసురత్నం! ఇంకెవరు! ఓరి దేవుడో, మాస్టారూ, ముప్పై ఏళ్లలో ఒక్కసారి... ఒక్కసారి కూడా..." పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నన్ననండి, ఆయన్ననకండి. కూరింది నేను," అంది కరీంబీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"స్టూలు మీంచి లేచిపోయింది నేను కదమ్మా," అన్నారు మాస్టారు. "పదండి, ఎక్కడికెళ్లిందో చూద్దాం."

ఆ పూట కుదరలేదు. మర్నాడు ట్రాలీ ఆటో దొరకలేదు. ఆ మర్నాడు పొద్దున్నే మాస్టారూ మొహిద్దీనూ, ఏసురత్నం పరుపుని ట్రాలీ ఆటోలో వేసుకుని వినగడప బయల్దేరారు. దారిలో టైరు పంక్చరయింది. మొహిద్దీన్ తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్లు చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది.

ఏసురత్నం డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో వాళ్లమ్మ జోజమ్మ, భార్య రూత్ ఉన్నారు. రూత్ మంచం మీద ఉంది. ఆ అమ్మాయికి ఐదో నెల. అంతకు ముందు రెండుసార్లు ఆరో నెలలోనే పోయాయి. ఈసారి కాన్పు దాకా మంచం దిగొద్దని, కాలు కింద పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే ఆ పాత పరుపు బాగుచేయించారు.

మొహిద్దీన్ చేతులు నలుపుకుంటూ జరిగింది చెప్పాడు. రూత్ మాస్టారి వైపు చూసింది.

"అయితే ఆ పాడే ఆవిడ మీ వాళ్లా సార్?"

"మా ఆవిడమ్మా."

"రెండు రోజుల్నించి వింటున్నాను. మా పరుపులో ఇంత బాగా పాడేవాళ్లు ఎవరుంటారా అనుకున్నా. తీసుకెళ్లండి సార్, మీ వస్తువు మీకు చేరాలి," అంటూ ఆ అమ్మాయి మోచేతి మీద లేవబోయింది. అంతలోనే, "అమ్మా," అని పొట్ట పట్టుకుంది.

"లేవకే తల్లీ! లేవకు!" జోజమ్మ ఒక్క అంగలో వచ్చి కోడల్ని పడుకోబెట్టింది. ఇటు తిరిగి మాస్టారికి దణ్ణం పెట్టేసింది. "అయ్యగారూ, మీ సొత్తు మీరు పట్టకెళ్తే నేను కాదనను. కానీ ఒక్క మాట వినండి. నెల రోజుల్నించి ఈ పిల్ల కంటి మీద కునుకేస్తే ఒట్టు. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే భయం. నిద్ర లేక పుల్లలా అయిపోయింది. ఈ పరుపొచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పాడింది, ఇది నిద్రపోయింది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి ఉందా లేదా అని. అంత నిద్ర."

మాస్టారి మనసులో ఏముందో దాచడం ఎందుకు, ఆయనకి ఆ పరుపు కావాలి. చాలా కావాలి. ఆ నిమిషంలో ఆ కడుపుతో ఉన్న పిల్ల మీద కోపం కూడా వచ్చింది, తన చెవి తనకి గుర్తొచ్చింది, ఆరేళ్లు గుర్తొచ్చాయి.

సరిగ్గా అప్పుడు పరుపులోంచి దగ్గు వినిపించింది. గాజుల చప్పుడు. గొంతు సవరింపు.

జోజమ్మ చప్పున ఒక స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. మాస్టారు కూర్చుని, రూత్ తలగడ పక్కన పరుపు మీదకి కుడిచెవి వంచారు.

ప్రేమావతి పాడింది.

పాతికేళ్ల గొంతులో పాడింది. ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. మాటలు సగం హిందీ, సగం ఏ భాషో దేవుడికి తెలియాలి. రాని మాట దగ్గర ఆవిడ ఏమాత్రం కంగారు లేకుండా "లలలా" అని దాటేసి, మళ్లీ తీగలాగా పైకి వెళ్లిపోయింది. ఆ పైన ఓ చోట సన్నగా ఆగింది. ఆగిన చోట మాస్టారికి ఊపిరి ఆగింది. మళ్లీ ఉయ్యాల దిగినట్టు మెల్లగా కిందికి వచ్చింది. ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారి పరుపు మీద పడుతున్నాయి, తుడుచుకోవడం ఆయనకి తోచలేదు.

"ఏంటి మాస్టారూ, తప్పులున్నాయా?" అన్నాడు మొహిద్దీన్ భయంభయంగా.

"ఉన్నాయోయ్. బోలెడున్నాయి," అన్నారు మాస్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఏం చెప్తోంది సార్, ఆ పాటలో?" అంది రూత్, కళ్లు మూతలు పడుతుండగా.

ప్రతిపదార్థం నాలుక చివరిదాకా వచ్చింది. "ముందు పాట అవనీ అమ్మా," అన్నారు. పాట అయ్యేటప్పటికి ఆ అమ్మాయి నిద్రపోయింది. ప్రేమావతి ఇంకో పాట ఎత్తుకుంది. మధ్య మధ్యలో దిల్‌రస్ కబుర్లు చెప్పింది. షూటింగులో ఉయ్యాల తాడు తెగి కింద పడ్డా దిల్‌రస్ పాట ఆపలేదట, ఆపితే మళ్లీ మొదట్నించీ తీయాలని. కూర్చున్న చోటే పూర్తి చేసి, అప్పుడు "అబ్బా" అందట. చెప్పి ఆవిడే నవ్వుకుంది.

నాలుగు కావస్తుండగా పాట మధ్యలో ఆవిడ ఆగింది. "అమ్మో, నాలుగవుతోంది. ఆయనొచ్చేస్తారు," అంది. గాజులు గలగలలాడాయి. అంతే, పరుపు నిశ్శబ్దమైపోయింది.

మాస్టారు తల ఎత్తి, "విన్నావా మొహిద్దీన్? రోజూ ఇంతేనన్నమాట. నేనొస్తున్నానని పాట ఆపేసేది. నా అడుగుల చప్పుడు ఆవిడ గొంతు నొక్కేసింది," అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

రూత్ ఎప్పుడు లేచిందో, పడుకునే ఆయన వైపు తిరిగింది. "కాదు సార్. నేను మొన్నా నిన్నా కూడా విన్నాను. ఆ ఆఖరి మాట విసుగ్గా అంటే నాకు తెలియదా? మా ఆయన బస్సు దిగే వేళకి నేనూ అలాగే లేచేదాన్ని. సంబరంగా అంటోంది సార్ ఆవిడ. కాఫీకి లేస్తోంది."

మాస్టారు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆవిడ కాఫీ నిజంగానే నాలుగూ ఐదుకి, ఆయన చెప్పులు విప్పకముందే, చేతిలో ఉండేది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

మొహిద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "మరి పరుపులు మార్చుకుందామా మాస్టారూ? నలుగురం పట్టుకుంటే అమ్మాయిని కదపకుండానే..."

"వద్దు," అన్నారు మాస్టారు. అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. "ఆవిడ పాటకి ఒకరు నిద్రపోతున్నారు. ఆపమని నేను ఇంకోసారి చెప్పను. కాన్పయ్యేదాకా ఇక్కడే ఉండనీ. అమ్మా రూత్, నేను అప్పుడప్పుడూ వచ్చి ఈ స్టూలు మీద కూర్చోవచ్చా?"

"రోజూ రండి సార్!"

రోజూ కాదు గానీ, వారానికి మూడు రోజులు వెళ్లేవారు. తిరువూరులో పన్నెండింటి ఆటో ఎక్కితే సరిపోయేది. డ్యూటీ లేని రోజు ఏసురత్నం కూడా గుమ్మంలో చతికిలబడి వినేవాడు. నిద్రలో లారీల్ని తిట్టే మనిషి, మెలకువలో మాత్రం మహా నెమ్మది. మాస్టారికి మజ్జిగ తనే తెచ్చి ఇచ్చేవాడు. ఇరవై ఏడు పాటలు విన్నారు మాస్టారు. ఏ పాటకి కడుపులో బిడ్డ తిరుగుతుందో, ఏ పాటకి తన్నుతుందో రూత్‌కి కంఠతా వచ్చేసింది. ఆరో నెల వచ్చింది. ఆ నెలంతా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. జోజమ్మ ఉపవాసాలు చేసింది. నెల దాటింది. ఏడు, ఎనిమిది దాటాయి.

ఈ లోపల పాట పలచబడుతూ వచ్చింది. మాస్టారి చెవీ పలచబడుతోంది. పాట తగ్గుతోందో, చెవి తగ్గుతోందో తెలియక, "ఇవాళ పాడిందా?" అని ఆయన రూత్‌ని అడగడం మొదలుపెట్టారు. "పాడింది సార్, చిన్నగా," అనేది ఆ అమ్మాయి. అక్టోబరు రెండో వారానికి ఆయనకి గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అయినా పోయి కూర్చుని వచ్చేవారు.

ఆ నెలాఖర్న రూత్‌కి ఆడపిల్ల పుట్టింది. మూడుంబావు కిలోలు. ఏసురత్నం ఫోన్ చేసి, చెవుడున్న మనిషికి కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు. తిరువూరు సెంటర్లో మొహిద్దీన్ మైసూర్‌పాకు పంచాడు, తన దుకాణం పొరపాటు వల్లే పుట్టిందన్నట్టు.

పదిహేను రోజులకి ప్రేమావతి గారి పరుపుని ఏసురత్నం తనే ట్రాలీ ఆటోలో తెచ్చి, మాస్టారి మంచం మీద పరిచి, కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లాడు.

మాస్టారు పడుకున్నారు. రెండయింది. మూడయింది. ఒక్క చప్పుడు లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. తన చెవి సంగతి తెలుసు కాబట్టి మొహిద్దీన్‌ని పిలిచి వినమన్నారు. మొహిద్దీన్ పరుపు నాలుగు మూలలా చెవి ఆనించి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మొత్తం ఇచ్చేసింది మాస్టారూ. ఉత్త దూది మిగిలింది. కొత్తదానితో సమానం."

"కొత్తదానితో సమానమా?"

"ఏది పోస్తే అది పడుతుందిక."

మాస్టారు ఏడుపు వస్తుందేమోననుకున్నారు, రాలేదు. రావాల్సిన చోట ఏదో తేలిగ్గా ఉంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆయన పరుపెక్కి, పైకప్పు వైపు చూస్తూ, దగ్గి, గొంతు సవరించుకున్నారు. జన్మలో పాడి ఎరగని మనిషి మేఘాన్ని పిలిచే పాట ఎత్తుకున్నారు. చెవులు లేనివాడి పాట ఎలా ఉంటుందో అలాగే ఉంది. పక్కింటి కుక్క లేచి నిలబడింది. ఆయన తన భార్య పాడినట్టే పాడారు, ఒత్తులు లేకుండా, రాని మాట దగ్గర లలలా అని.

ఆయన కూతురు సుధామయి తాసిల్దారు ఆఫీసులో పనిచేస్తుంది. ఆ వేళ ఏదో ఫైలు మర్చిపోయి ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడకి నలభై ఆరేళ్లు, పెళ్లి వద్దనుకుని నాన్న దగ్గరే ఉండిపోయింది, మాట తక్కువ మనిషి. మాస్టారు ఆవిడ్ని చూశారు. చూసి కూడా ఆపలేదు. చరణం సగంలో ఆయనకి దారి తప్పింది. వెతుక్కుంటున్నారు.

సుధామయి అందుకుంది. చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలోంచే, చరణం చివరిదాకా ఒక్క తడబాటు లేకుండా పాడేసింది.

మాస్టారు లేచి కూర్చున్నారు. సరిగ్గా వినపడలేదు గానీ, పెదాలు చూస్తే తెలుస్తోంది. "నీకు... నీకు వచ్చా?"

"నా సెలవు రోజుల్లో, నువ్వు ట్యూషనుకి వెళ్లాక, అమ్మ పక్కనే పడుకునేదాన్నిగా. అన్నీ వచ్చు."

"మరి ఆరేళ్లు నేను పిచ్చివాడిలా తిరుగుతుంటే ఒక్కసారి నోరు విప్పలేదేమే?"

"నువ్వు అమ్మ గొంతు కావాలన్నావు నాన్నా," అంది సుధామయి. "నా గొంతు ఎప్పుడూ అడగలేదు."

మాస్టారు నలభై ఆరేళ్ల కూతుర్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. తర్వాత పరుపు మీద ఎడమ పక్కకి జరిగి, కుడిచెవి వైపు చోటు చేసి, అక్కడ చేత్తో తట్టారు.

సుధామయి ఫైలు గూట్లో పెట్టి వచ్చి ఆయన పక్కన పడుకుంది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొదట్నించి మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం తాసిల్దారు ఆఫీసులో ఆవిడ సీటు నాలుగింటిదాకా ఖాళీగానే ఉంది.